కిటికీలో పెట్టిన డబ్బా

హాస్టల్,
మూడో అంతస్తు, మెట్ల పక్క గది

తాతయ్యా,

ఫోన్లో అయితే నువ్వు "ఊఁ" అంటావు, నేను "ఊఁ?" అంటాను, మధ్యలో అమ్మ ఫోన్ లాక్కుంటుంది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు మాట్లాడవు కానీ అడిగితే రాస్తావని నాన్న చెప్పాడు. అడుగుతున్నాను, రాయి.

ముందు శుభవార్త. నేను అధ్యక్షుణ్ణి అయ్యాను. నవ్వకు. మా కాలేజీలో ఆహార భద్రత మీద అవగాహన సంఘం అని ఒకటి పెట్టారు. మొదటి సమావేశానికి నేను ఆలస్యంగా వెళ్ళాను. వెళ్ళేసరికి ఎన్నిక అయిపోయింది. అక్కడ లేనివాణ్ణి ఎన్నుకుంటే కాదనడానికి వాడు ఉండడని నన్ను పెట్టేశారట. కార్యదర్శి లాయరు. వాడు నిజం లాయరేం కాదు, నా గదిలోవాడే. ఏదంటే దానికి అడ్డం తిరుగుతాడని ఆ పేరు. పోస్టర్లు రాసేది పహిల్వాన్. వాడూ నా గదిలోవాడే. కండలు పెంచుతాడు. కనిపించింది తింటాడు.

మా గదిలో ఒక కెటిల్ ఉంది. పొద్దున అందులో గుడ్లు ఉడుకుతాయి. అవి తీసేశాక అదే కెటిల్లో టీ. గుడ్డుకి పెంకు ఉంటుంది కాబట్టి ఏమీ అంటదని లాయరు వాదన. మొన్న నా టీలో ఈక వచ్చింది. చూపిస్తే, అది టీ ఆకు అని ఇంకో అరగంట వాదించాడు.

సంఘం తరపున ఒక సర్వే చేశాం. "తినే ముందు చేతులు కడుక్కుంటారా?" అని ప్రశ్న. హాస్టల్ మొత్తం అవునని రాసింది. ఒక్కడు కూడా కాదనలేదు. మేం పొంగిపోయాం. తర్వాత ప్లంబరు వచ్చి, భోజనాల హాల్లో కుళాయికి వారం నుంచి చుక్క నీళ్ళు రావడం లేదని చెప్పాడు. నేను కూడా అవుననే రాశాను తాతయ్యా.

అందుకని ఒక కరపత్రం వేశాం. ఇందులో పెట్టి పంపుతున్నాను. వండింది రెండు గంటలకు మించి బయట ఉంచకండి. బయట కనిపిస్తే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీస్తే పొగలు వచ్చేదాకా వేడి చేసి తినండి. అంతే. లాయరు ఇంకా రెండు పేరాలు రాశాడు కానీ కాగితంలో పట్టక కొట్టేశాను. పక్కన పహిల్వాన్ ఒక సూక్ష్మజీవి బొమ్మ వేశాడు. దానికీ కండలు ఉన్నాయి.

అమ్మకి కూడా చూపించు.

నీ మనవడు


ఇల్లు,
వెనక గది

బుడ్డోడికి,

ఉత్తరం అందింది. కాగితం మీ అమ్మకి చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

మొన్న అన్నం పెట్టుకుని కూర్చున్నాను. గేటు చప్పుడైంది. పక్కింటాయన, చొక్కా గుండీ ఊడిందని. కుట్టిచ్చి వచ్చాను. కంచం లేదు. మీ అమ్మ ఫ్రిజ్ వైపు చెయ్యి చూపించింది. ఒక గుండీకి రెండు గంటలు తీసుకునేవాణ్ణయితే దర్జీగా ఇన్నేళ్ళు ఎలా బతికానమ్మా అని అడగాల్సింది. అడగలేదు. కోడలితో నాకు మాటలు తక్కువని నీకు తెలుసు.

మీ నాన్న గడియారం చూసుకుంటూ తింటున్నాడు. నమలడం మానేశాడు.

నీ ఉత్తరంలో కెటిల్ ఉంది. ఈక ఉంది. ప్లంబరు ఉన్నాడు. మీకు రోజూ వండిపెట్టే మనిషి మాత్రం అందులో లేరు. ఎవరు వండుతారు?

మీ తాత


హాస్టల్,
మూడో అంతస్తు

తాతయ్యా,

పరీక్షల వల్ల జవాబు ఆలస్యమైంది. పాసవుతాను, మరీ దగ్గరగా చూడకపోతే.

వండేది వంటక్క. మేం జైలరు అంటాం. ఆవిడ వెనక. మనిషి పొట్టి, గొంతు పొడుగు. వరసలో నిలబడితే ముందు చేతులు చూస్తుంది, తర్వాత మొహం చూస్తుంది. రెండూ నచ్చవు. మిగిలిన అన్నం గదికి పట్టుకెళ్తానంటే ఒప్పుకోదు.

"పారేస్తావు కదక్కా, ఇస్తే ఏం పోయింది?" అని పహిల్వాన్ అడిగాడు.

"పారేస్తే చెత్తబుట్టలో ఉంటుంది. నీకిస్తే మంచం కింద ఉంటుంది. చెత్తబుట్టని వారానికోసారైనా కడుగుతారు నాయనా" అంది.

ఆవిడ దగ్గర పప్పులు ఉడకవు తాతయ్యా, మా పప్పులు.

ఇప్పుడు అసలు సంగతి. మా సంఘం ఒక ప్రదర్శన పెడుతోంది. ఆలోచన నాదే. రెండు స్టీలు డబ్బాలు, అచ్చం ఒకేలాంటివి. రెండింట్లోనూ ఒకే అన్నం, ఒకే కోడికూర. ఒకటి ఫ్రిజ్‌లో భద్రంగా ఉంచుతాం. రెండోది ఒక రోజంతా మా గది కిటికీలో పెడతాం. తర్వాత రెండూ బల్ల మీద పక్కపక్కన. ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పమంటాం. రంగులో తేడా ఉండదు, వాసనలో పెద్ద తేడా ఉండదు. మంచి డబ్బా అడుగున పచ్చ కాగితం, చెడ్డ డబ్బా అడుగున ఎర్ర కాగితం అంటించాం. అందరూ తప్పు చెప్పాక డబ్బా ఎత్తి చూపిస్తాం. పహిల్వాన్ ఇంత పెద్ద అక్షరాలతో పోస్టరు రాశాడు, "చూసి చెప్పలేరు!" అని.

అన్నం, కూర వంటక్కనే అడిగాం.

"ఎందుకు?"

"చెడగొట్టడానికక్కా."

"చెడిపోయింది చూపించడానికి నా వంటే కావాలా? మీరు ముగ్గురూ వెళ్ళి బల్ల మీద కూర్చోండి, చాలు" అంది. కానీ ఇచ్చింది.

ఒక్క ఇబ్బంది. గదుల్లో వండిన తిండి పెట్టకూడదని నియమం. దొరికితే హాస్టల్ సీటు పోతుంది. వార్డెన్ తరచుగా తనిఖీకి వస్తాడు. తనిఖీ అంటే మా బిస్కెట్ల తనిఖీ. వరండాలో ఉన్న ఫ్రిజ్‌ని కూడా బాగా తనిఖీ చేస్తాడు. ఆయన తనిఖీ అయ్యాక అందులో లైటు ఒక్కటే మిగులుతుంది. అనుమతి అడిగితే ఆ డబ్బాలూ తనిఖీ అయిపోతాయని చెప్పలేదు. ఒక్క రోజే కదా.

ప్రిన్సిపాల్ కూడా వస్తానన్నారు. ఎలా జరిగిందో రాస్తాను.

నీ మనవడు


హాస్టల్

తాతయ్యా,

నేను బాగున్నాను. ప్రదర్శన వాయిదా పడింది. పహిల్వాన్‌కీ వార్డెన్‌కీ వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో పెట్టారు. ఇప్పుడు ఫరవాలేదు. ఏదో పడనిది తిన్నారని డాక్టరు అన్నాడట. మెస్‌లో కోడికూర సరిగ్గా ఉడకలేదని వార్డెన్ చెప్పాడు. విచారణ అయ్యేదాకా వంటక్కని రావద్దన్నారు.

ఇక్కడ వాతావరణం బాగుంది. నిన్న ఎండ కాసింది. ఇవాళ మబ్బుగా ఉంది. గాలి కూడా వీస్తోంది. రేపు వాన పడొచ్చు, పడకపోవచ్చు.

అందరినీ అడిగానని చెప్పు.

నీ మనవడు


ఇల్లు,
వెనక గది

బుడ్డోడికి,

వాతావరణం సంగతి తెలిసింది. నువ్వు పుట్టాక ఎండ గురించీ గాలి గురించీ మాట్లాడటం ఇదే మొదలు.

కిటికీలో పెట్టిన డబ్బా ఏమైంది?

మీ తాత


హాస్టల్,
మూడో అంతస్తు

తాతయ్యా,

నీ ఉత్తరం విప్పి చదివి, మడిచి, దిండు కింద పెట్టి, మళ్ళీ తీశాను. నీకు ఒక్క వాక్యం చాలు. లాయరు రోజంతా వాదించినా ఇంత ఇబ్బంది పెట్టలేదు.

చెప్తాను. అమ్మకి చూపించకు.

డబ్బా ఒక రోజంతా కిటికీలో ఉంది. మర్నాడు పొద్దున నేను, లాయరు హాల్లో బల్లలు సర్దుతున్నాం. పహిల్వాన్ వ్యాయామానికి వెళ్ళాడు. గదిలో ఎవరూ లేరు. మేం లేనప్పుడు గదిలోకి వచ్చేది తనిఖీకి వార్డెన్ ఒక్కడే. వచ్చాడు. కిటికీలో డబ్బా చూశాడు. మా తలుపుకి మా కరపత్రమే అంటించి ఉంది కదా. బయట కనిపిస్తే ఫ్రిజ్‌లో పెట్టమని. మనిషి బుద్ధిగా తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాడు. మంచి డబ్బా పక్కనే. ఈ హాస్టల్లో మా కరపత్రం చదివి పాటించినవాడు ఆయనొక్కడే తాతయ్యా.

పహిల్వాన్ ఆకలితో వచ్చాడు. ఫ్రిజ్ తీశాడు. రెండు డబ్బాలు. చెడ్డది కిటికీలో ఉంది కాబట్టి ఇవి రెండూ మంచివే అనుకున్నాడు. మంచివైతే రెండెందుకు ఉన్నాయని వాడి బుర్రకి తట్టలేదు. ఎత్తి అడుగు చూడొచ్చు కదరా అంటే, నిండుగా ఉంది, ఎత్తితే ఒలుకుతుంది అన్నాడు. ఒకదాంట్లో సగం తిన్నాడు. మిగతా సగం వార్డెన్ తనిఖీ చేశాడు.

సాయంత్రానికి పహిల్వాన్ బకెట్ కావలించుకుని కూర్చున్నాడు. "ఒరేయ్, చూసి చెప్పలేకపోయాన్రా" అన్నాడు. పోస్టరు రాసింది వాడే.

వార్డెన్ సంగతి నాకెలా తెలుసంటావా? ఆయన గది బయట అరుగు మీద మా డబ్బా కడిగి బోర్లించి ఉంది. ఎర్ర కాగితం పైకి నవ్వుతోంది. ఎవరూ చూడకముందే తెచ్చేశాను.

పిల్లల ఫ్రిజ్‌లోది తిన్నానని ఆయన చెప్పుకోలేడు. గదిలో డబ్బా పెట్టామని మేం చెప్పుకోలేం. మధ్యలో వంటక్క దొరికింది. మెస్‌లో తిన్న మిగతావాళ్ళందరూ బాగానే ఉన్నారు కదా అని ఎవరో అడిగితే, పెద్దాయన కాబట్టి ఆయనకి అరగలేదు, ఎక్కువ తిన్నాడు కాబట్టి పహిల్వాన్‌కి అరగలేదు అని తేల్చేశారు. పహిల్వాన్ కూడా మాతో పాటు నోరు మూసుకున్నాడు. మూసుకోవడం వాడికి కొత్త.

"మనం అబద్ధం చెప్పలేదు. మనల్ని ఎవరూ అడగలేదు" అని లాయరు అంటున్నాడు.

నన్ను అడిగారు తాతయ్యా. వంటక్కే అడిగింది. తన గరిటెలు, కత్తి తీసుకెళ్ళడానికి వచ్చింది. గుడ్డలో చుట్టుకుంటోంది. నన్ను చూసి, ఎప్పుడూ లేనిది మెల్లగా పిలిచింది.

"బాబూ, నిజం చెప్పు. ఆ రోజు కూర నీకు పచ్చిగా తగిలిందా? నేను రుచి చూశాను, బాగానే ఉంది. కానీ ఈమధ్య కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. నా చేతిలోనే ఏదో తేడా వచ్చిందేమో."

"గుర్తులేదక్కా" అన్నాను.

ఆవిడ తిడితే బాగుండేది. తలూపి వెళ్ళిపోయింది.

వచ్చే వారం ప్రిన్సిపాల్ గదిలో విచారణ. ఆవిణ్ణి తీసేస్తారని అంటున్నారు. నిజం చెబితే నా సీటు పోతుంది, ముగ్గురివీ పోతాయేమో. ఏం చెయ్యమంటావు?

నీ మనవడు


ఇల్లు,
వెనక గది

బుడ్డోడికి,

మీ అమ్మకి చూపించలేదు. నా ట్రంకు పెట్టెలో పెట్టాను.

నవ్వొచ్చింది. బకెట్ దగ్గర బాగా నవ్వాను. మీ నాన్న తలుపు తీసి చూశాడు. "గుర్తులేదక్కా" దగ్గర ఆగిపోయాను.

నేను మాట రానివాణ్ణి. అది అందరికీ తెలుసు. మాట రాకపోవడం వేరు. వచ్చిన మాటని మింగడం వేరు. అది ఎంత వయసులో ఉన్నా అరగదు.

ఆవిడ ఇప్పుడు ఇంట్లో కూర్చుని వండుకుంటూ ఉంటుంది. ఉడికిందా లేదా అని పదిసార్లు మూత తీసి చూసుకుంటూ ఉంటుంది. చేతిపని మీద అనుమానం పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. చత్వారం వచ్చినప్పుడు కుట్టిన కుట్టే మళ్ళీ విప్పేవాణ్ణి.

ఏం చెయ్యాలో నన్ను అడిగావు. నీకు తెలుసు కాబట్టే అడిగావు. తెలియకపోతే మళ్ళీ ఎండ గురించి రాసేవాడివి.

విచారణకి ఇస్త్రీ చొక్కా వేసుకో. నీలంది వద్దు. దాని కాలరు నలిగింది.

మీ తాత


హాస్టల్,
మూడో అంతస్తు. ఇంకో వారం రోజులే

తాతయ్యా,

తెల్ల చొక్కా వేసుకున్నాను. చంకల్లో తడిసింది కానీ కాలరు నిలబడింది.

ప్రిన్సిపాల్ గదిలో పెద్ద బల్ల. ఒక పక్క వార్డెన్, మనిషి చిక్కి సగమయ్యాడు. ఇంకో పక్క వంటక్క, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ పిలవకుండానే నేను వెళ్ళాను. వద్దు వద్దంటూనే లాయరు వెనకాల వచ్చాడు. వాడి చొక్కా పట్టుకుని పహిల్వాన్.

"మీకేం పని?" అన్నారు ప్రిన్సిపాల్.

మొత్తం చెప్పేశాను. డబ్బాలు, కిటికీ, కాగితాలు. గది నియమం తప్పింది నేనే అన్నాను. కూరలో ఏ తప్పూ లేదు, అదే కూర నేను ఆ రోజు మెస్‌లో రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను, బాగా ఉడికింది అన్నాను. వంటక్క తలెత్తింది. నా వైపు కాదు, కిటికీ వైపు చూసింది.

పహిల్వాన్ చెయ్యెత్తాడు. "సగం నేను తిన్నాను సార్."

"మిగతా సగం?"

వార్డెన్ పైకప్పు చూస్తున్నాడు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. ఆయన పేరు చెప్పాలని నేను వెళ్ళలేదు. వంటక్క మీద మాట పోతే చాలు.

"తెలియదు సార్. ఎవరు తిన్నా మెస్ కూర మాత్రం కాదు" అన్నాను.

ప్రిన్సిపాల్ వదల్లేదు. "ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేసుకుని తింటే ఏమీ కాదని మీ కరపత్రంలోనే ఉంది కదా?"

అప్పుడు లాయరు ముందుకొచ్చాడు. కాగితంలో పట్టక నేను కొట్టేసిన రెండు పేరాలు వాడికి నోటికి వచ్చు. "వేడి చేస్తే క్రిములు చస్తాయి సార్. కానీ ఎక్కువసేపు బయట ఉన్న తిండిలో అవి వదిలిన విషం ఉంటుంది. అది వేడికి పోదు. అలాంటిది ఫ్రిజ్‌లో పెట్టినా లాభం లేదు, ఎంత మరిగించినా లాభం లేదు. పారేయడమే."

వార్డెన్ కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఆ ముక్క కాగితంలో ఎందుకు రాయలేదురా? పొగలు వచ్చేదాకా వేడి చేశానే! రెండుసార్లు చేశానే!"

ఆయన మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. ఆయన వంక చూడకుండా ఉండటానికి ప్రిన్సిపాల్ కళ్ళజోడు తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

"నువ్వు మళ్ళీ పనిలోకి రావచ్చమ్మా" అన్నారు ఆఖరికి.

"ఊరికే రాను" అంది వంటక్క. "నా వంట తిని మనుషులు పడిపోయారని ఊరంతా పాకింది. మా వీధిలో పెళ్ళికి వండమన్నవాళ్ళు కూడా వద్దన్నారు. మీరు మెస్‌కి రండి. అందరి ముందూ, మొదటి పళ్ళెం మీరు తినాలి. ఆ పక్కన వార్డెన్ గారు నిలబడి, ఏం తిని పడిపోయారో నోటితో చెప్పాలి."

నిన్న మధ్యాహ్నం జరిగింది. హాలు కిటకిటలాడింది. ప్రిన్సిపాల్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. హాలు మొత్తం ఆయన దవడ వంక చూస్తోంది. గడగడా నీళ్ళు తాగారు. ఇంకొంచెం వెయ్యమన్నారు. భయపడి అడిగారో బాగుండి అడిగారో తెలియదు. రెండోసారి మాత్రం గిన్నె ఖాళీ చేశారు. వార్డెన్ నిజం చెప్పాడు. చిన్న గొంతుతో చెప్పాడు, "వినపడలేదు" అని వెనకనుంచి ఎవరో అరిచారు, మళ్ళీ చెప్పాడు.

నేను చివర్న నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"అక్కా, నాకు గుర్తుంది. ఆ రోజు కూడా గుర్తుంది. భయపడి అలా అన్నాను."

"నీకు గుర్తున్న సంగతి నాకు ఆ రోజే తెలుసు. చెప్తావేమోనని గుమ్మం దాటేదాకా మెల్లగా నడిచాను" అంది.

పళ్ళెం నా వైపుకే లాక్కున్నాను.

"నీ మొహం చూడాలని లేదు. పళ్ళెం చాపు" అంది. చాపాను. అందరికీ వేసినంతే వేసింది. ఒక మెతుకు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

లాయరుకీ పహిల్వాన్‌కీ గట్టిగా చీవాట్లు పెట్టి వదిలేశారు. అధ్యక్షుణ్ణి కాబట్టి నా హాస్టల్ సీటు ఈ ఏడాదికి తీసేశారు. ఇక కాలేజీకి ఇంటి నుంచి రోజూ రెండు బస్సులు మారి రావాలి. అమ్మ మొహం తలుచుకుని, సర్దిన పెట్టె మళ్ళీ విప్పాను. నువ్వేం చెప్పకు తాతయ్యా. నీకు ఇబ్బంది. వచ్చే వారం వచ్చి నేనే చెప్పుకుంటాను.

నీ మనవడు


ఇల్లు,
వెనక గది

బుడ్డోడికి,

నువ్వు బస్సెక్కే లోపు ఇది అందాలని రాయగానే పోస్టు చేస్తున్నాను.

చెప్పొద్దన్నావు. చెప్పేశాను. నిన్న మీ అమ్మ బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. మొదటి నుంచీ చెప్పాను. డబ్బా, కిటికీ, బకెట్, అన్నీ. ఆవిడతో నేను ఒక పూటలో అన్ని మాటలు మాట్లాడటం మీ నాన్న పెళ్ళయ్యాక ఇదే మొదలు. వాడు సీటు పోగొట్టుకున్నాడమ్మా, కానీ ఆ వంటావిడ బతుకు నిలబెట్టాడు అన్నాను. వాణ్ణి ఏమీ అనకు అన్నాను.

మీ అమ్మ బట్టలు పక్కన పెట్టింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత మీ నాన్నని కేకేసి, మామయ్య ఆగకుండా మాట్లాడుతున్నారు, డాక్టర్ని తీసుకురండి అంది.

డాక్టరు వచ్చాడు. నాలుక చాపమన్నాడు. లైటు వేసి చూసి, ఏ జబ్బూ లేదు, నాలుక వాడనట్టు కొత్తదిలా ఉంది అన్నాడు.

మీ అమ్మ నవ్వింది. అది చూసి మీ నాన్న కూడా నవ్వాడు. నీ సంగతి కుదుటపడింది. నా గదిలో రెండో మంచం వేశాను.

మీ తాత